మట్టి కాని మట్టితో మన ఎద్దు

(మెట్‌పల్లిలో జరిగిన మన సంఘ సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మాట్లాడవలసిన విషయాలకు కొదవ లేదు. డి.ఎ. బకాయిలు, ఆరోగ్య కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు ఉండనే ఉన్నాయి. వాటిని గురించి నాకంటే బాగా తెలిసినవారు ఉదయం నుంచి వివరంగా చెప్పారు. భోజనాలకు ముందు మిగిలిన ఈ కొద్దిసేపట్లో ‘ఆ బొమ్మల సంగతి చెప్పండి’ అని కార్యదర్శి గారు నన్ను ఆజ్ఞాపించారు.

బల్ల మీద పెట్టినవి మీరంతా చూశారు. ఒక జత ఎడ్లు, పండుకున్న బర్రె ఒకటి, రెండు మేకలు, వేములవాడలో గుడి చుట్టూ తిప్పే కోడె ఒకటి. చూసినవారిలో ఒకరు ‘నిర్మల్ బొమ్మలా?’ అని అడిగారు. ఇంకొక మిత్రులు గోటితో గీకి చూసి ‘రబ్బరా?’ అన్నారు. రెండూ కావు. దీన్ని పాలిమర్ క్లే అంటారు. పేరులో మట్టి ఉన్నది గాని వస్తువులో మట్టి రవ్వంత కూడా లేదు. మన ఇళ్లలో నీళ్ల పైపులు చేసే పి.వి.సి. ఉన్నదే, ఆ జాతి ప్లాస్టిక్ పొడిని మెత్తబరిచే ఒక ద్రవంతోనూ రంగుతోనూ కలిపి ముద్ద చేస్తారు. వేడి తగలనంతవరకు అది చపాతీ పిండి లాగ మెత్తగా ఉంటుంది. గాలికి ఎండదు. సుమారు 130 డిగ్రీల వేడిలో కొంతసేపు ఉంచితే గట్టిపడుతుంది. మళ్లీ మెత్తబడదు.

దీని పుట్టుక కూడా బొమ్మల ఇంట్లోనే జరిగింది. జర్మనీలో కేథె క్రూజె అనే ప్రసిద్ధ బొమ్మల తయారీదారు ఉండేవారు. ఆమె కుమార్తె సోఫీ ఇటువంటి ముద్దతో పనిచేసి, దాన్ని బొమ్మలు చేసుకునేవారికి అమ్మకానికి తెచ్చారు. 1960ల్లో ఒక పెద్ద కంపెనీ దాన్ని కొని ‘ఫిమో’ అనే పేరుతో ప్రపంచమంతా అమ్మింది. అమెరికాలో ‘స్కల్పీ’ అనే పేరుతో మరొకటి వచ్చింది. ఇప్పుడు మనకు కూడా ఫోనులో ఆర్డరు పెడితే 57 గ్రాముల పలకలుగా ఇంటికి వస్తున్నది.

ఇక నేనెందుకు దీని జోలికి వెళ్లానో చెప్పాలి. హైదరాబాదులో ఉండే మా మనుమరాలు ఒక వేసవి సెలవుల్లో ఈ పలకలు కొన్ని తెచ్చుకొని మా ఇంటి వసారాలో కూర్చుని జంతువులు చేస్తున్నది. ఏనుగు చేసింది, కుక్కపిల్లను చేసింది, పెంగ్విన్ అట, దాన్నీ చేసింది. అన్నీ ముద్దుగా ఉన్నాయి. నాకోసం ఎద్దును చేసింది. చేసి, అగ్గిపుల్ల ఒకటి పట్టుకొని ‘తాతా, కాడి ఎక్కడ పెడతారు? మూపురం ముందా, వెనకా?’ అని అడిగింది.

పదేళ్ల పిల్ల అడిగిన ప్రశ్నే. అయినా నేను ఆ రాత్రి దాన్ని గురించే ఆలోచించాను. ఎందుకంటే నా పదేళ్ల వయసులో ఈ ప్రశ్న ఎవరూ అడగవలసిన అవసరం లేదు. కాడి మూపురానికి ముందు, మెడ మీద ఉంటుంది. ఎద్దు ముందుకు నడిస్తే మూపురం కాడిని నెడుతుంది. అందుకే బరువు కదులుతుంది. ఇది మనకు ఎవరూ చెప్పలేదు, మనం చూశాం. నా కొడుకు కొంత చూశాడు. మనుమరాలికి చూసే వీలే లేదు. ఇప్పుడు మన చుట్టుపక్కల ఊళ్లలో దుక్కి ట్రాక్టరుది, నాటు మడి కేజ్‌వీలుది. 2019 పశుగణనలో దేశవాళీ ఆవులు, ఎడ్ల సంఖ్య 2012 నాటికంటే దేశమొత్తం మీద సుమారు 6 శాతం తగ్గినట్టు తేలింది. సంఖ్య సంగతి అలా ఉంచండి. ఉన్న పశువుల్లో కాడి మోసేవి ఎన్ని? నాగలి కట్టిన జతను రోజంతా చూసిన కళ్లు ఈ సభలో ఉన్నంతగా మన ఇళ్లలో ఇంకెక్కడా లేవు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను బందెల దొడ్డి రిజిస్టరు రాశాను. మీలో కొందరు రాసే ఉంటారు. పంట మేసిన పశువును తెచ్చి దొడ్లో కడితే దాని గుర్తులు రాసుకోవాలి. ‘తెల్లెద్దు, ఎడమ కొమ్ము కొస విరిగినది, కుడి తొడ మీద వాత, తోక కుచ్చు నలుపు’ అని. పశువు గలవాడు వచ్చి నోటితో గుర్తులు చెబితే రిజిస్టరులోని వాటితో సరిచూసి, జుర్మానా కట్టించుకొని వదలాలి. ఆ రైతులు చెప్పే తీరు వింటే ఆశ్చర్యం వేసేది. కొమ్ముల మధ్య జానెడు ఎడం అనేవారు, గంగడోలు రెండు మడతలు అనేవారు, ముట్టె మీద తెల్ల మచ్చ అనేవారు. ఒకరైతే ‘నడిస్తే వెనక కుడికాలు కొద్దిగా బయటికి వేస్తది’ అని కూడా రాయించారు. కాగితం మీద రాసిన ఆ గుర్తులే ఇప్పుడు ముద్ద మీద వేస్తున్నాను. పని మారింది గాని పద్ధతి అదే.

మీలో చాలామందికి మెట్‌పల్లి మార్కెట్‌కు పసుపు బస్తాలతో వచ్చే బండ్లు గుర్తుంటాయి. 1980ల్లో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు వరస కట్టేవి. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. బండి వంతు వచ్చేదాకా ఎడ్లను విప్పి రోడ్డు పక్కన కట్టేవారు. ఎద్దు ఎలా పండుకుంటుందో, ఎలా లేస్తుందో చూడాలంటే అంతకంటే మంచి చోటు ఉండదు. పండుకునేటప్పుడు ముందు కాళ్లు మడిచి మోకాళ్ల మీద వంగుతుంది, తర్వాత వెనక భాగం దించుతుంది. లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేస్తాయి. గుర్రం దీనికి తిరకాసు, ముందు కాళ్ల మీద ముందు లేస్తుంది. లేస్తున్న ఎద్దును చేస్తూ ముందు కాళ్లు నిలబెడితే అది కొమ్ములున్న గుర్రం అవుతుంది. నడకలో కూడా వరస ఉన్నది. ఎడమ వెనక కాలు, ఆ తర్వాత ఎడమ ముందు కాలు, తర్వాత కుడి వెనక, కుడి ముందు. బొమ్మ నడుస్తున్నట్టు కనపడాలంటే ఈ వరసలో ఎక్కడో ఒక చోట దాన్ని పట్టుకోవాలి.

చేసే విధానం కొంత చెబుతాను. అక్కయ్యలు, చెల్లెళ్లు నాకంటే తొందరగా నేర్చుకుంటారు, పిండి కలిపిన చేతులు కనుక.

ముద్దను ముందు చేతుల్లో బాగా పిసకాలి. చలికాలంలో రాయిలా ఉంటుంది. కాసేపు అరచేతుల మధ్య ఉంచితే దారికి వస్తుంది. వేళ్ల కణుపులు నొప్పి ఉన్నవారు చపాతీ కర్రతో ఒత్తుకోవచ్చు. అయితే ఆ కర్ర, పీట మళ్లీ వంటింట్లోకి పోకూడదు. లోపల ఎముకల గూడు వంటిది కావాలి. సన్నని ఇనుప తీగతో నాలుగు కాళ్లు, వెన్ను, మెడ వంచుకొని, పొట్ట భాగంలో అల్యూమినియం రేకు కాగితాన్ని నలిపి గట్టిగా చుట్టాలి. దాని మీద ముద్ద పలుచగా వేయాలి. దీనివల్ల ముద్ద కలిసివస్తుంది, లోపల దాకా సమంగా కాలుతుంది. తీగ లేకుండా చేసిన సన్నని కాళ్లు బరువుకు వంగుతాయి, లేదా విరుగుతాయి.

తర్వాత కండలు. ఇక్కడ తొందర పనికిరాదు. పాలిమర్ ముద్దకు ఉన్న గొప్ప గుణం అది మనకోసం ఆగుతుంది. చెరువు మట్టి మధ్యాహ్నానికి ఎండిపోతుంది, తడిగుడ్డ కప్పాలి. ఇది అరగంట పనిచేసి, మందులు వేసుకొని, పేపరు చదువుకొని, మరునాడు వచ్చి మళ్లీ కూర్చున్నా అలాగే ఉంటుంది. దుమ్ము పడకుండా మూత పెడితే చాలు. మూత ప్లాస్టిక్‌దైతే అది ముద్దను తాకకుండా చూసుకోవాలి. పచ్చి ముద్ద కొన్ని రకాల ప్లాస్టిక్కును, వార్నిష్ వేసిన బల్లను మెత్తబరిచి అంటుకుంటుంది. గాజు పలక, పాలిష్ టైలు ముక్క మేలు. పనిముట్లు అన్నీ ఇంట్లోవే. దబ్బనం, పళ్లపుల్ల, పాత పెన్ను మూత, ఇంకు అయిపోయిన రీఫిల్. తెల్ల ఎద్దును చేసేముందు మాత్రం చేతులు రెండుసార్లు కడగండి. నలుపు చేసిన చేత్తో తెలుపు పట్టుకుంటే బూడిద రంగు ఎద్దు తయారవుతుంది.

కాల్చడం దగ్గర జాగ్రత్త ఉండాలి. కేకులు చేసే చిన్న ఓవెన్ కావాలి. మైక్రోవేవ్ పనికిరాదు. పాకెట్టు మీద ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు అని రాసి ఉంటే అంతే. ఓవెన్ మీటను నమ్మవద్దు, లోపల పెట్టే చిన్న ఉష్ణమాపకం వేరే కొనుక్కోండి. వేడి బాగా మించితే ముద్ద మాడి, ముక్కు, గొంతు మండించే చెడ్డ వాయువు వస్తుంది. అది ఆరోగ్యానికి హాని. కిటికీలు తెరిచి ఉంచాలి. ఆ ఓవెన్‌లో తినే వస్తువు పెట్టకూడదు. ఓవెన్ లేనివారికి రెండు ముద్దలు కలిపితే దానంతటదే గట్టిపడే రకం ఉన్నది, ఫెవిక్రిల్ వారి మౌల్డిట్ అటువంటిదే. దానితో పని మాత్రం త్వరగా ముగించాలి. మన వయసుకు, మన వేగానికి మొదటిదే అనుకూలం అని నా అభిప్రాయం. మరీ చిన్నపిల్లలకు వీటిని ఆడుకోవడానికి ఇవ్వవద్దు. పిల్లల ఆటబొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. మనం ఇంట్లో చేసేవాటికి ఆ పరీక్షలు ఉండవు కదా. అల్మారాలో పెట్టి చూపించండి.

ఇప్పుడు ఎద్దు దగ్గరికి వస్తాను. ఎద్దుకూ ఆబోతుకూ తేడా తెలియాలి. ఆబోతుకు మూపురం పెద్దది, మెడ లావు. విత్తులు నొక్కించిన ఎద్దుకు మూపురం అంత ఎదగదు. కొమ్ములు మాత్రం పొడవు సాగుతాయి. చెవులు కొమ్ముల కింద, పక్కకు ఉంటాయి. పుస్తకాల్లో బొమ్మలు చూసి చేసేవారు వాటిని పైకి నిలబెడతారు, కుందేలు అవుతుంది. గిట్ట రెండుగా చీలి ఉంటుంది. బండికి కట్టే ఎద్దుకు లాడాలు కొట్టించేవారు గనుక గిట్టకు రెండు చొప్పున ఇనుప రేకులు ఉండాలి. రంగుల సంగతికి వస్తే, మన దగ్గర తెల్లవే కాదు, మరాఠ్వాడా సరిహద్దు నుంచి వచ్చిన నలుపు తెలుపు దేవణి పశువులను చూశాం. నల్లమల అమ్రాబాద్ వైపు ఒళ్లంతా పొడలున్న పొడ తూర్పు జాతి ఉన్నది.

జతలో ఎడమ వైపుది దాపటెద్దు, కుడి వైపుది వెలపటెద్దు అని మీకు చెప్పనక్కరలేదు. మీ మనుమలకు చెప్పాలి. ఈ జతకు నేను రంగు వేయబోతుండగా ఒక పెద్ద రైతు మా ఇంటికి వచ్చారు. ఎనభై దాటినవారు. కళ్లజోడు సర్దుకొని, బొమ్మను పక్కకు తిప్పి, మెడ మీద బొటనవేలు పెట్టి చూశారు. ‘ఎద్దంటే కాయ ఉండాలె సారు. కాయ లేని ఎద్దు కూసుండి తిన్న ఎద్దు’ అన్నారు. కాడి రాసుకొని రాసుకొని మెడ మీద చర్మం మొద్దుబారి కాయ కాస్తుంది కదా, అది. చిన్న ముద్ద తీసి ఆయన చేతికే ఇచ్చాను. జొన్నగింజంత తీసి సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి, వేలితో చదును చేశారు. బల్ల మీద ఎడమ ఎద్దు మెడ మీద ఉన్న కాయ ఆయన పెట్టినదే. దగ్గరికి వచ్చి చూడండి, ఆయన వేలిముద్ర కూడా పడింది. దాన్ని నేను చెరపలేదు.

ఒక మిత్రుడు నాతో తగువు పెట్టుకున్నాడు. ‘డెబ్బై దాటినవానివి ప్లాస్టిక్‌తో ఆటలేమిటి? చెరువు మట్టి కరువైందా? మన కళలు ఏమి కావాలి?’ అన్నాడు. కోపంగా అన్నా న్యాయమైన మాట. దానికి నా సమాధానం రెండు భాగాలు.

మొదటిది, బొమ్మ చేసేవాడు ఏనాడూ ఒక్క పదార్థాన్నే పట్టుకొని కూర్చోలేదు. హరప్పా కాలంలో మట్టి ఎడ్లను కాల్చారు, దారం లాగితే తల ఊగే ఎద్దును కూడా చేశారు. 1974లో మహారాష్ట్రలో దైమాబాద్ దగ్గర, మన గోదావరికి ఉపనది అయిన ప్రవర ఒడ్డున, కంచు బొమ్మలు నాలుగు దొరికాయి. ఏనుగు, ఖడ్గమృగం, దున్న, నాలుగోది రెండెడ్ల రథం మీద నిలబడిన మనిషి. మన సంగారెడ్డి దగ్గర కొండాపురంలో సాతవాహనుల నాటి మట్టి బొమ్మలు దొరికాయి. తెల్లమట్టిని రెండు అచ్చుల్లో ఒత్తి, అతికి చేసినవి వాటిలో ఉన్నాయి. మనకు పొరుగునే నిర్మల్. ఆర్మూరు మీదుగా వెళ్లి సోన్ దగ్గర గోదావరి దాటితే వచ్చేస్తుంది. అక్కడ నకాషీవారు పొణికి కర్రతో అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సందులు పూడ్చి, పైన సుద్ద పూసి రంగు వేస్తారు. ఆ చింతగింజల ముద్ద ఏమిటి? చేత్తో ఒత్తి రూపం తెచ్చి, గట్టిపడనిచ్చే పదార్థమే కదా. చేర్యాల ముఖాలు కూడా ఆ ముద్దతోనే చేస్తారు. ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాం, కేస్లాగూడలలోని ఓజవారు మట్టి గుండు మీద మైనపు దారాలు చుట్టి నెమలినీ ఏనుగునూ తీర్చి, పైన మట్టి పూసి, మైనం కరిగించి, ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది గనుక ఒకదాని వలె ఇంకొకటి ఉండదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వారి పని ముందు నా పని కాలక్షేపం. ఎవరింట్లోనైనా శుభకార్యానికి కానుక ఇవ్వాలంటే నిర్మల్ బొమ్మో డోక్రా బొమ్మో కొని ఇవ్వండి. నేను చేసినవి అమ్మకానికి కావు.

రెండో భాగం నాకు ముఖ్యమైనది. మిత్రుని మాటలో ఒక చోట నేను పూర్తిగా ఏకీభవిస్తాను. గోదావరి దాటి నిర్మల్, ఆదిలాబాద్ వైపు వెళితే శ్రావణ అమావాస్యను పొలాల అమావాస్యగా చేస్తారు. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, గుడి చుట్టూ తిప్పి తెస్తారు. ఎడ్లు లేని ఇళ్లలో మట్టి ఎడ్లకు పూజ చేస్తారు. కర్నూలు పడమటి పల్లెల్లో, బళ్లారి వైపు మట్టి ఎద్దుల అమావాస్య అని వేరే నెలలో చేస్తారు. ఆ మట్టి ఎద్దు నిలిచి ఉండవలసినది కాదు. పొలం నుంచి వచ్చింది, మళ్లీ నీళ్లలోనో పొలంలోనో కలిసిపోవాలి. మొన్న ఒక చుట్టము ‘మీరు చేసిన జత ఇవ్వండి, ఏటేటా కొత్తవి చేసే బాధ తప్పుతుంది, దానికే పూజ చేస్తాం’ అన్నారు. నేను ఇవ్వలేదు. ఆమె నొచ్చుకున్నారు కూడా. కాని ఇది ప్లాస్టిక్. నీళ్లలో వేస్తే కరగదు. మట్టిలో పూడ్చితే మన మునిమనుమల నాటికి కూడా అలాగే ఉంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన నిమజ్జన నియమాల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ప్లాస్టిక్, థర్మోకోల్ వద్దని, మట్టి వంటి సహజ పదార్థాలే వాడాలని చెప్పింది. నియమం లేకపోయినా నా మాట అదే. అందుకని ఆమె ఇంటికి నేనే వెళ్లి చెరువు మట్టి, కొద్దిగా వరి ఊక కలిపి పిల్లలతో జత చేయించి వచ్చాను. అవి వంకరగా ఉన్నాయి. కాడి మాత్రం మూపురం ముందే ఉంది.

కనుక రెండు ఎడ్లు వేరు. పూజకు కరిగిపోయే ఎద్దు, గుర్తుకు నిలిచిపోయే ఎద్దు. గంగడోలు మడతలు, ముకుతాడు ముడి, మెడ గజ్జెలు, లాడం రేకు వంటి సన్నని పనులు మట్టిలో నిలవవు, విరిగిపోతాయి. వాటిని ఈ పాలిమర్ పట్టుకుంటుంది. కరగకపోవడం పూజకు దోషం. గుర్తుగా దాచుకునేటప్పుడు అదే మనకు కావలసిన గుణం.

మన సంఘం గదిలో గోడ వారగా ఒక అద్దాల అల్మారా ఖాళీగా ఉన్నది. అధ్యక్షుల వారి అనుమతితో అందులో ఒక అర ఈ బొమ్మలకు కేటాయించమని కోరుతున్నాను. ప్రతి బొమ్మ కింద చిన్న చీటీ పెడదాం, బందెల దొడ్డి రిజిస్టరులో రాసినట్టు. జాతి, రంగు, గుర్తులు, ఏ పనికి వాడేవారు, చెప్పినవారి ఊరు. ముద్ద ఖర్చు నేను భరిస్తాను. చేయి వణికేవారు చేయనక్కరలేదు, పక్కన కూర్చుని చెబితే చాలు, పిల్లలు చేస్తారు. పశుసంవర్ధక శాఖలో పనిచేసిన సోదరులు ఇద్దరు సభలో ఉన్నారు, తప్పులు దిద్దే పని వారిది.

తర్వాత చేయదలచినది సవారి కచ్చురం, జత ఎడ్లతో సహా. చక్రానికి ఆకులు ఎన్ని, నొగల పొడవు ఎంత, పైన గూడు వంపు ఎలా ఉండేది, దాపటెద్దు పగ్గం ఎటు నుంచి పోయేది, ఇవి ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతున్నారు. ఎవరింట్లోనైనా అటక మీద పాత కాడి గాని, గొడ్ల కొట్టంలో విరిగిన చక్రం గాని ఉంటే వచ్చి కొలత తీసుకుంటాను. టేపు నా దగ్గరే ఉన్నది. భోజనాల దగ్గర కిటికీ పక్కన కూర్చుంటాను, దయచేసి అక్కడ కలవండి.